మామిడితోటా, మజ్జిగ గ్లాసూ

మా బాబాయి చేత తాగుడు మాన్పించే విషయమై మా ఇంట్లో జరిగిన సమావేశానికి పద్నాలుగు మంది వచ్చారు. రానివాడు బాబాయి ఒక్కడే. ఆయన పక్క గదిలో పడుకుని ఉన్నాడు. పెళ్లిచూపుల్లో పిల్లనైనా పిలిచి ఓ పాట పాడమంటారు. ఈయన్ని ఆపాటి కూడా పిలవలేదు.

టీపాయ్ మీద రెండు సంబంధాలు ఉన్నాయి. ఒకటి పెద్ద మావయ్య తెచ్చింది. నాలుగు పేజీల రంగుల కరపత్రం, ఊరికి దూరంగా మామిడితోట, తోటలో డీ-అడిక్షన్ సెంటరు, యోగా చేస్తున్న ముగ్గురు మనుషులు (ముగ్గురూ తెల్లవాళ్లే, ఎక్కడి ఫొటోనో మరి), అడుగున ఎర్రక్షరాల్లో ‘100% గ్యారంటీ’. రెండోది డాలస్ నుంచి బాబాయి కొడుకు వాట్సాప్‌లో పంపిన లింకు. యాప్ ఒకటి, కదలకుండా ఇంట్లోనే కౌన్సెలింగ్, పన్నెండు సెషన్ల ప్యాకేజీ, మొదటిది ఉచితం.

రెసిడెన్షియలా, వర్చువలా? కల్యాణమండపం ఏసీదా నాన్ ఏసీదా అని తేల్చినట్టు తేల్చడానికి కూర్చున్నాం. తోటలో గాలి మంచిదన్నారొకరు. ఇంటి భోజనం వంటిది లేదన్నారింకొకరు. తోటలో పడేస్తే నలుగురికీ తెలీదని మావయ్య వాదన. ఇంట్లోనే తలుపేసుకుని చేయిస్తే నలుగురికీ తెలీదని డాలస్ వాదన. చిన్నమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం కనుక రెండూ బలమైన వాదనలే. ఎందుకైనా మంచిదని పిన్ని ‘ప్రకృతి వైద్యానికి వెళ్లారని చెబుదాం’ అని ముందే అబద్ధం కుట్టి పెట్టింది. ఎంత తాగుతున్నాడు, ఎన్నాళ్ల నుంచి, ఉన్నట్టుండి మానేస్తే ఒంట్లో ఏమవుతుంది అనే మూడు ప్రశ్నలు రెండు గంటల్లో ఒక్కరి నోటా రాలేదు. ‘ఎవరికైనా తెలిస్తే’ అన్నమాట మాత్రం పదకొండుసార్లు వచ్చింది. నేను లెక్కపెట్టాను, నాకు వేరే పని లేదు.

మధ్యలో అత్తయ్య మూడో దారి చూపించింది. కూరలో కలిపే పొడి ఉందట. తాగేవాడికి తెలియకుండా మాన్పిస్తుందట. బస్టాండు గోడల మీద ఫోన్ నంబరుతో సహా రాసి ఉంటుంది, మీరూ చూసే ఉంటారు. మన భాషలో మందుకీ మందుకీ తేడా లేకపోవడం వల్ల వచ్చిన వైద్యం ఇది. ఆ పొట్లంలో ఏముందో అమ్మేవాడికే తెలీదు. ఒకవేళ నిజంగా అందులో ఉన్నది డైసల్ఫిరామ్ అయితే మరీ ప్రమాదం. అది 1948లో కోపెన్‌హాగన్ పరిశోధకులు తాగుడు మాన్పించడానికి పనికొస్తుందని లోకానికి చెప్పిన మాత్ర. వేసుకున్నాక చుక్క పడితే గుండె దడ, వాంతులు, బీపీ పడిపోవడం. అందుకే రోగికి అన్నీ చెప్పి, ఒప్పించి, పరీక్షలు చేసి ఇస్తారు. మనం చారులో కలుపుతాం. ‘మా వంశంలో ఇలాంటివాడు లేడు, కానీ విన్నాను’ అంటూ అత్తయ్య ముగించింది.

చూసి రమ్మని నన్నూ మావయ్యనూ తోటకు పంపారు. నాలుగు మామిడిచెట్లున్నాయి, కాదనను. గోడ మీద గాజుపెంకులు, గేటుకు రెండు తాళాలు. హాల్లో వరసగా మంచాలు. వరండాలో బనీను వేసుకున్న పెద్దాయన ఒకాయన గుట్టెడు గోంగూర ముందేసుకుని ఆకులు తుంచుతున్నాడు. తల నున్నగా గొరిగి ఉంది. మొక్కుబడి కాదు, సెంటరు రివాజు. గోంగూర సంగతేమిటంటే ‘వృత్తి చికిత్స సార్’ అన్నాడు మేనేజరు. తాను తెల్లచొక్కాలో మహా మర్యాదగా ఉన్నాడు.

‘పికప్ ఫ్రీ సార్. రాత్రి రెండింటికి నలుగురు కుర్రాళ్లొస్తారు. నిద్రలో ఉండగానే ఎత్తుకొచ్చేస్తారు, గొడవుండదు. మూడు నెలలది అడ్వాన్సు. మొదటి ఇరవయ్యొక్క రోజులు ఫోనుండదు, మిమ్మల్ని చూడనివ్వం.’

‘డాక్టరు?’

‘వారానికోసారి వచ్చి పోతుంటారు సార్.’

‘గ్యారంటీ అన్నారు?’

‘ఇక్కడున్నన్నాళ్లూ చుక్క ముట్టరు సార్. గ్యారంటీ.’

ఏ సబ్‌జైలైనా ఈ గ్యారంటీ అడ్వాన్సు లేకుండానే ఇస్తుంది. ఇంటికొచ్చాక మళ్లీ మొదలుపెడితేనో అని అడిగాను. ‘మళ్లీ తెచ్చేస్తాం సార్. పాత పేషెంట్లకి పది శాతం తగ్గింపు.’ ఆ మాటకు గేటు దగ్గర నిలబడ్డ పికప్ కుర్రాడు నవ్వాడు. వాడూ పాత పేషెంటేనట, రెండు విడతలు.

ఇంటికొచ్చి 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం తిరగేశాను. మద్యం, మత్తుమందుల వల్ల వచ్చే మానసిక స్థితులు కూడా ఆ చట్టం కిందికే వస్తాయి. ఇలాంటి చోటు నడపాలంటే రిజిస్ట్రేషన్ ఉండాలి. తనంతట తాను చేరిన మనిషిని తను పోతానంటే పోనివ్వాలి. ఒప్పుకునే స్థితిలో లేనివాడిని చేర్చాలంటే అతని నామినీ దరఖాస్తు పెట్టాలి, ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించాలి, వారిలో ఒకరు సైకియాట్రిస్టు కావాలి, అప్పుడైనా మొదటి గడువు 30 రోజులు. ఫోను మాట్లాడటం, అయినవాళ్లను కలవడం రోగి హక్కు. బలవంతంగా పని చేయించకూడదు. బలవంతంగా గుండు కూడా గీయకూడదు. గుండు సంగతి సైతం చట్టంలో రాయాల్సి వచ్చిందంటే ఊహించుకోండి. మేనేజరుగారి ప్యాకేజీని దీని పక్కన పెట్టి చూస్తే, ఎవరో ఓపికగా చట్టం ముందు పెట్టుకుని సెక్షనుకో ఉల్లంఘన చొప్పున దాన్ని రూపొందించారనిపిస్తుంది.

గొలుసులు వెయ్యకూడదని కూడా ఆ చట్టంలో ఉంది. 2001 ఆగస్టు 6 తెల్లవారుజామున తమిళనాడులోని ఎర్వాడిలో, దర్గా దగ్గర నడిచే ఒక మానసిక రోగుల ఆశ్రమానికి నిప్పంటుకుంది. లోపలివాళ్లు గొలుసులతో కట్టేసి ఉన్నారు. 28 మంది చనిపోయారు. వాళ్లను అక్కడ చేర్చింది కూడా కుటుంబాలే. అక్కడైతే నయమవుతుందని ఎవరో చెబితే నమ్మి చేర్చినవాళ్లే.

తోట వద్దన్నాను. మావయ్య అలిగాడు. దాంతో డాలస్ గెలిచింది.

ఉచిత సెషను రోజున బాబాయికి ఇస్త్రీ చొక్కా తొడిగారు. కెమెరాకి ఆనేది అంతవరకే కాబట్టి కింద లుంగీ. డ్రెస్సింగ్ టేబుల్ మీద ల్యాప్‌టాప్, దాని పక్కన స్టీలు గ్లాసులో మజ్జిగ. తెర మీద బెంగుళూరు నుంచి ఒకమ్మాయి, పాపం మంచి పిల్లే. ‘అంకుల్, మీ ట్రిగ్గర్స్ ఏంటి?’ అంది.

‘మనకి తుపాకీ లైసెన్సు లేదమ్మా’ అన్నాడు బాబాయి.

‘అంటే, ఎప్పుడు తాగాలనిపిస్తుంది?’

బాబాయి నోరు తెరిచి, కెమెరాకి అందనంత దూరంలో చేతులు కట్టుకుని నిలబడ్డ పిన్ని వైపు చూసి, ‘పెద్దగా ఏం లేదమ్మా’ అన్నాడు. మూడ్‌కి పదికి ఎన్ని మార్కులు వేసుకుంటారంటే ఆరుముప్పావు వేసుకున్నాడు. ఐదు నిమిషాలకోసారి గ్లాసెత్తి ఓ గుక్క వేస్తూనే ఉన్నాడు. ‘హైడ్రేషన్ చాలా మంచిది అంకుల్’ అని ఆ పిల్ల మెచ్చుకుంది. యాభై ఎనిమిదేళ్లలో మా బాబాయి మజ్జిగ ముట్టగా చూసినవాళ్లు లేరు. ఇంటర్నెట్‌లో బొమ్మ వస్తుంది, మాట వస్తుంది, వాసన మాత్రం ఇంకా రావడం లేదు. ఆ గదిలో నిలబడ్డ మాకు ఆ లోటు లేదు.

రాత్రి ఎనిమిదింటికి యాప్ ‘ఈ రోజు మీరు గెలిచారు!’ అని ఫోన్‌లో పూలజల్లు కురిపించింది. ఆ సమయానికి విజేత వైన్‌షాపు ముందు చిల్లర లెక్కపెట్టుకుంటున్నాడు.

వీడియో వైద్యం దండగని నేననను. దిగులుతో, భయాలతో గదిలోంచి బయటికి రాలేని మనిషికీ, ఆసుపత్రి మెట్లెక్కితే అత్తింట్లో మాటపడే ఆడపిల్లకీ, వారంవారం బస్సు ఛార్జీ పెట్టుకోలేనివాడికీ ఫోన్‌లో వినే గొంతు నిజంగా ఆసరా. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన టెలీ-మానస్ 14416 నంబరుకు డబ్బులు లేవు, తెలుగులోనే మాట్లాడతారు. ఉచితం కాబట్టి మా సమావేశంలో ఎవరూ దాని పేరెత్తలేదు. కరపత్రం లేనిది మంచి వైద్యం ఎలా అవుతుంది?

అసలు సంగతి మూడో రోజు బయటపడింది. సెషను సక్సెస్ అయిందన్న ఉత్సాహంలో పిన్ని ఇంట్లో సీసాలన్నీ పారబోసి, ‘ఇవాళ్టి నుంచి చుక్క లేదు’ అని ఆయన్ని గదిలో పెట్టి గొళ్లెం పెట్టింది. ‘మూడేళ్ల కిందటి దాకా ఏటా అయ్యప్ప మాల వేసేవాడుగా, నలభై ఒక్క రోజులూ ముట్టేవాడు కాదు’ అని ధీమా. అది నిజమే. మా వీధిలో చాలామందికి తెలిసిన ఒకే ఒక్క రిహాబ్ అది. శబరిమల నుంచి దిగి మాల తీసిన రోజే డిశ్చార్జి, ఆ సాయంత్రమే రీ-అడ్మిషన్. కానీ అప్పట్లో బాబాయి పొద్దుగూకాక తాగేవాడు. ఇప్పుడు పళ్లు తోముకోక ముందు తాగుతున్నాడు. ఆ తేడా ఒంటికి తెలుసు, మాకు తెలీదు.

మొదటి రోజు చేతులు వణికాయి. కాఫీ సాసర్లోకి సగం, లుంగీ మీదికి సగం. రెండో రోజు చెమటలు, నిద్ర లేదు. మూడో రాత్రి గోడ మీద ఏవో పాకుతున్నాయని చేత్తో దులపడం మొదలుపెట్టాడు. ఎప్పుడో పోయిన మా తాతను గుమ్మంలో నిలబెట్టి కూర్చోమంటున్నాడు. యాప్ తెరిస్తే ‘మీ కౌన్సెలర్ రేపు ఉదయం 11 గంటలకు అందుబాటులో ఉంటారు’ అంది. మావయ్య తోటకు ఫోన్ చేస్తే ‘పికప్ పంపిస్తాం, అడ్వాన్సు ఫోన్‌పే చెయ్యండి’ అన్నారు. నిర్ణయం ఆటో డ్రైవరు తీసుకున్నాడు. ‘మా నాన్నకీ ఇలాగే అయిందండీ’ అని మమ్మల్ని అడక్కుండా జిల్లా పెద్దాసుపత్రికి తిప్పేశాడు.

క్యాజువాలిటీలో నిద్రకళ్లతో ఉన్న కుర్ర డాక్టరు అడిగిన మొదటి మాటలు: ‘ఎంత తాగుతాడు? ఎన్నేళ్ల నుంచి? చివరి చుక్క ఎప్పుడు?’ పద్నాలుగు మందిమీ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. జవాబు వాకిలి ఊడ్చే మా పనమ్మాయికి ఫోన్ చేసి కనుక్కున్నాం. ఖాళీ సీసాల లెక్క తనకే తెలుసు.

ఏళ్ల తరబడి బాగా తాగినవాడు ఒక్కసారిగా ఆపితే ఆరేడు గంటల్లో వణుకు మొదలవుతుంది. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగో రోజు మధ్య కొందరికి మతి తప్పి లేనివి కనిపిస్తాయి. వైద్యం లేకపోతే ప్రాణం పోవచ్చు. డాక్టరు గ్లూకోజు కన్నా ముందు బి1 విటమిన్ ఇంజెక్షన్ చేయించాడు. అది చెయ్యకుండా గ్లూకోజు ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదముందట. ‘నీరసంగా ఉన్నాడు, ఓ సెలైన్ పెట్టించండి’ అని వీధి చివర ఆర్‌ఎంపీ దగ్గరకు తీసుకెళ్దామనుకున్న మేం నోరు మూసుకున్నాం. వణుకుకి ఇచ్చే మాత్రలు చాలావరకు మాదకద్రవ్యాల చట్టం జాబితాలో ఉన్నవే. అలాంటివి వీడియోలో చూసి రాసివ్వకూడదని 2020 మార్చి నాటి టెలిమెడిసిన్ మార్గదర్శకాలు నిషిద్ధ జాబితాలో పెట్టాయి. ఆ రాత్రి ఆ పిల్ల పదకొండింటి దాకా ఆగకుండా లైన్లోకి వచ్చినా ఏమీ చెయ్యగలిగేది కాదు.

ఇది మన రాష్ట్రాలు చూడని జబ్బేమీ కాదు. 2015లో తెలంగాణలో కల్తీ కల్లు మీద దాడులు జరిగి సరుకు ఆగిపోయేసరికి నిజామాబాద్ వైపు ఆసుపత్రులు ఇలాంటి మనుషులతోనే నిండాయి. 2020 మార్చిలో లాక్‌డౌన్‌కి వైన్‌షాపులు మూసేస్తే ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి ముందు క్యూ కట్టారు. పోనీ అందరికీ పడక కావాలా అంటే అదీ కాదు. చాలామందికి ఓపీలో చూపించుకుని మాత్రలు వాడితే సరిపోతుంది. 1967లో వెలువడిన ఒక అధ్యయనం కోసం లండన్‌లో 40 మంది తాగుబోతుల్లో సగం మందికి వార్డులో, సగం మందికి ఇంటి నుంచే వచ్చిపోయేలా వైద్యం చేసి ఏడాది పాటు గమనించారు. చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. ఎవరికి మంచం, ఎవరికి మాత్ర అన్నది డాక్టరు ఒంటిని చూసి చెప్పాలి. కరపత్రం రంగు చూసి మావయ్య చెప్పేది కాదు.

ఎయిమ్స్ 2019లో ఇచ్చిన నివేదిక ప్రకారం దేశంలో తాగుడుకు బానిసైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక వైద్యం అందుతోంది. ఆసుపత్రిలో చేరేది 180 మందికి ఒకరు. మిగతావాళ్లందరికీ, మామిడితోటా, యాపూ కాక, మన అత్తయ్య పొడి ఉండనే ఉంది.

ఐదు రోజులు వార్డులో ఉండి బాబాయి ఇంటికొచ్చాడు. ఇప్పుడు బుధవారం బుధవారం ఓపీకి వెళ్తాడు. వెళ్లలేని వారం ఆ డాక్టరే ఫోన్‌లో మాట్లాడతాడు. అంటే రెసిడెన్షియలూ అయింది, వర్చువలూ అయింది. మధ్యలో ఓ పెళ్లిలో తప్పు చేశాడు. మరుసటి బుధవారం తనే చెప్పుకున్నాడు. డాక్టరు తిట్టలేదట, మాత్ర మార్చాడట. ఆ తిట్టకపోవడం గురించి బాబాయి ఇప్పటికీ ఆశ్చర్యపోతూ ఉంటాడు.

పిన్ని అబద్ధాన్ని మాత్రం కొద్దిగా సవరించుకోవాల్సి వచ్చింది. ప్రకృతి వైద్యానికి వారంవారం చీటీ పట్టుకుని పెద్దాసుపత్రికి ఎవరూ వెళ్లరు కదా. అందుకని కంటి డాక్టరు దగ్గరికని చెబుతోంది. మొన్న అత్తయ్య వచ్చి, కాఫీ తాగి, లేస్తూ లేస్తూ గుమ్మం దగ్గర ఆగి, గొంతు తగ్గించి నన్ను అడిగింది.

‘ఆ కంటి డాక్టరు ఏ వారం చూస్తాడు? మీ మావయ్యకి పొద్దున్నే లేవగానే చేతులు వణుకుతున్నాయి. చూపే అనుకుంటా.’