నా ఒంటి మీది బంగారం

నేను కొయ్య హంసను. గోదావరి ఒడ్డున, పాత కరీంనగర్ జిల్లాలోని ఒక పల్లెలో, వేణుగోపాలస్వామి గుడి వాహనాన్ని. బ్రహ్మోత్సవాల్లో ఒక రాత్రి స్వామి నా వీపు మీద కూర్చుని ఊరంతా తిరిగేవాడు. కాగడాల వెలుగులో నా రెక్కలు ఎట్లా మెరిసేవో చెప్పగల ముసలివాళ్ళు ఇప్పుడు ఊళ్ళో ఇద్దరు ముగ్గురే మిగిలారు. తక్కినవాళ్ళు ఎరిగిన రూపం వేరు. మసిబారిన గోధుమరంగు ఒళ్ళు, కళ్ళ చుట్టూ ఎర్ర ఎనామిల్, ముక్కు మీద ఆకుపచ్చ. ఆ రంగులేవీ నావి కావు.

నా మొండెం ఆదిలాబాద్ అడవి టేకు. మెడ, తల, రెక్కలు మాత్రం పొనికి చెక్క. అంతా టేకుతోనే చేస్తే మోసేవాళ్ళ భుజాలు తట్టుకోవు. పొనికి తేలిక, మెత్తన. ఉలి ఎటు తిప్పితే అటు తిరుగుతుంది, సన్నని ఈక చెక్కినా పెళుసుగా విరగదు. నిర్మల్ బొమ్మలు ఈ చెక్కతోనే చేస్తారు. నన్ను చేయడానికి వచ్చిన నకాషీ కళాకారులు కూడా నిర్మల్ వాళ్ళే. ముక్కలను చింతగింజల జిగురుతో అతికారు. అతుకుల సందుల్లో అదే జిగురులో రంపపు పొట్టు కలిపిన లప్పం కూరారు. ఆరాక మీద సుద్దమట్టి పూసి, రుద్ది, మళ్ళీ పూశారు.

నా మెడ మీది ఈకలను మాత్రం దగ్గరకు వచ్చి చూడండి. ఒక్కో ఈకకు నడుమ ఒక ఈనె, దానికి రెండు వైపులా వెంట్రుకంత గీతలు. మెడ వంపు తిరిగే చోట ఈకలు చిన్నవై, ఒకదాని కిందికి ఒకటి దూరుతాయి. రెక్క అంచున ముత్యాల వరసను ఉలితో చెక్కలేదు. సుద్ద, జిగురు కలిపిన ముద్దతో ఒక్కో ముత్యాన్ని ఉబ్బెత్తుగా పెట్టారు. కింది వైపు, ఎవరి కంటా పడని చోట కూడా అదే శ్రద్ధ. ఆ చేతులు ఎవరివో నా మీద ఎక్కడా రాసి లేదు.

ఇక బంగారం. నాకు పెట్టింది అసలు బంగారం కాదు. పల్లె గుడికి అంత స్తోమత ఎక్కడిది? సుద్ద మీద పలుచని తగరపు రేకు పరిచి, దాని మీద లక్క కలిసిన పసుపు వార్నిష్ పట్టించారు. లోపలి తెల్లని మెరుపు పసుపులోంచి బయటికి వచ్చి బంగారమై కనపడుతుంది. అసలు బంగారు రేకు వాడేవాళ్ళు కూడా ముందు ఇట్లా పునాది వేయాల్సిందే. ఇటలీలో పాత చర్చిల కొయ్య శిల్పాలకు జిప్సం, జంతువుల జిగురు కలిపి పూసి, పైన ఎర్రమట్టి రాసి, దాని మీద బంగారు రేకు అంటించి, నున్నని రాతితో మెరుగు పెట్టారు. ఆ రేకు మందం ఒక్క మైక్రాన్ కంటే తక్కువ. అంత పలుచని దాన్ని నిలబెట్టేది కింది పునాదే. అది గట్టిగా ఉన్నంత కాలమే పైన మెరుపు ఉంటుంది. నా పునాది గట్టిది, అది నా గర్వం.

నిర్మల్ వాళ్ళకు బంగారు రంగు మీద ఉన్న పట్టు గురించి ఒక కథ చెప్పుకుంటారు. నిజాం ఆ ఊరికి వచ్చినప్పుడు ఆయన ఆసనం మీద అరటి పువ్వు ఒకటి వేలాడదీశారట. తాడు లాగగానే అది విచ్చుకుని బంగారు రేకులు ఆయన మీద రాలాయట. ఆ ప్రాంతాన్ని ఏలిన నిమ్మ నాయుడు 17వ శతాబ్దంలో నకాషీ కుటుంబాలను తెచ్చి అక్కడ నిలిపాడని కూడా అంటారు. 1955లో కళాకారులు సహకార సంఘంగా ఏర్పడ్డారు. 2009లో నిర్మల్ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు దక్కింది. ఇవన్నీ నాకు సంతోషమే. కానీ ఆ గుర్తింపు దుకాణంలోని బొమ్మలకు దక్కింది. ఊరి గుళ్ళలో, పాత ఇళ్ళ వాకిళ్ళలో అవే చేతులు చేసిన పనిని అడిగేవారు లేరు.

నా మీద మొదటి డబ్బా రంగు పడ్డది భక్తితోనే. జాతర దగ్గర పడింది, హంస మాసిపోయింది, కొత్తగా కనపడాలి. ఎవరో గోల్డ్ పెయింట్ తెచ్చారు. ఆ డబ్బాలో ఉండేది బంగారం కాదు, రాగి, జింకు కలిసిన ఇత్తడి పొడి. వేసిన వారం మెరుస్తుంది. తర్వాత గాలి, తేమ, హారతి పొగ తగిలి నల్లబడుతుంది. నల్లబడింది కదా అని మరుసటి ఏడు మళ్ళీ వేశారు. పూత మీద పూత. ఈకల గీతలు పూడిపోయాయి. ముత్యాల వరస ఒక దుబ్బ గట్టులా మిగిలింది. ఈక నడిమి ఈనె ఎక్కడుందో వేలితో తడిమినా తెలియని స్థితికి వచ్చాను. ఆ మందపు పొర కింద తేమ బయటికి పోయే దారి లేక నా సుద్ద పొక్కిలి లేచింది. రంగు ఊడిన చోటల్లా నా తగరం కూడా దానితోపాటే ఊడింది. వాళ్ళ మీద నాకు కోపం ఉంది, దాచుకోను. ప్రేమతో చేసిన పనే అయినా ముందు ఒక్కసారి గోటితో గీకి కింద ఏముందో చూడవలసింది.

తర్వాత ఇత్తడి తొడుగు వేసిన కొత్త వాహనం వచ్చింది. నన్ను వంటశాల వెనుక గదిలో పెట్టారు. పాత ఆకుల బుట్టలు, విరిగిన గొడుగు, ఎలుకలు. వానాకాలం కప్పు కారి నీళ్ళు సరిగ్గా నా ఎడమ రెక్క మీద పడేవి. టేకు చేవను చెదలు అంత తేలికగా ముట్టవు. పొనికిని వదలవు. రెక్క కొసన ఈకలు ఒక్కొక్కటే పొడై రాలాయి. ప్రతి ఫాల్గుణంలో బయట డప్పులు మోగేవి. ఊరేగింపు గది గోడ పక్కనుంచే పోయేది. స్వామి ఎవరి వీపు మీద పోతున్నాడో డప్పు నడకను బట్టి తెలిసేది, హంస సేవ రాత్రి కూడా తెలిసేది. ఎవరూ తలుపు తీయలేదు. ఒకసారి తీశారు, వంటచెరకు కోసం. నా మోత కర్రలు తీసుకుపోయారు.

గుడి మరమ్మతుకు గది ఖాళీ చేసిన రోజున నన్ను కాల్చేయకుండా ఆపింది ఇప్పటి అర్చకుడు. ఆయన కబురు పెడితే నిర్మల్ నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. దీపం దగ్గరగా పట్టుకుని నా గొంతు దగ్గర సన్నని బ్లేడుతో అగ్గిపెట్టె అంత మేర గీకాడు. ఆకుపచ్చ పోయింది, ఎరుపు పోయింది, నల్లబడిన ఇత్తడి పొరలు పోయాయి. అడుగున తేనె రంగు మెరుపు, దాని మీద వెంట్రుకంత గీతలు.

"అయ్యగారూ, ఇగో సూడున్రి. ఇది మావోళ్ళ పని."

"మందు పోసి కడిగితే తొందరగ అయితది గద తాతా?"

"స్పిరిట్ తగిలితే కింది లక్కనే ముందు కరుగుతది. చేతితోనే తియ్యాలె."

చేతితోనే తీశాడు. లేచిన పొక్కుల కింద పలుచని జిగురు కుంచెతో పోసి, మీద కాగితం వేసి మెల్లగా అదిమాడు. పోయిన ఈకల చోట కొత్త పొనికి చెక్కి పెట్టాడు, కానీ వాటికి నడిమి ఈనె మాత్రమే గీశాడు. బంగారు పూత బదులు నా రంగుకు దగ్గరగా ఉండే మట్టి పసుపు వేశాడు. దూరం నుంచి చూస్తే రెక్క నిండుగా ఉంది, దగ్గరికి వస్తే ఏది పాతదో ఏది కొత్తదో తెలుస్తుంది. 1964లో వెనిస్‌లో నిపుణులు రాసుకున్న ఒడంబడిక కూడా ఇదే అడుగుతుంది. ఊహ మొదలయ్యే చోట బాగుచేత ఆగాలి, కొత్తగా చేర్చింది కొత్తదిగానే గుర్తుపట్టేటట్టు ఉండాలి. ఆ పెద్దాయన దాన్ని చదివాడో లేదో నాకు తెలియదు. ఎందుకిట్లా అని అడిగిన దేవాలయ కమిటీ వాళ్ళకు ఆయన చెప్పింది ఒక్కటే: "ఆ ఈకలు ఎట్లుండెనో నేను సూడలే. సూడనిది ఎట్ల గీస్త?"

వాళ్ళకు అది నచ్చలేదు. రెక్క అంతా ఒక్క తీరుగా మెరవాలన్నారు. అర్చకుడు నా పక్షాన నిలబడ్డాడు, ఈ ఏటికి మాట నెగ్గింది.

వెళ్ళేముందు పెద్దాయన చెప్పినవి అర్చకుడు పంచాంగం వెనుక అట్ట మీద రాసుకున్నాడు. తడిగుడ్డ పెట్టొద్దు. దుమ్మును మెత్తని కుంచెతోనే దులపాలి. నూనె దీపం మూరెడు దూరంలో ఉంచాలి. గోడకు ఆనించొద్దు, వెనుక గాలి ఆడాలి. వానాకాలంలో నెలకోసారి రెక్కల కింద చెదపుట్ట ఉందేమో చూడాలి. పొక్కు లేస్తే ముట్టుకోకుండా కబురు పెట్టాలి. రంగు డబ్బా గుడిలోకే రానీయొద్దు.