పాతిన పైపు మీద నమ్మకూడని సలహాలు

పాత నీటిలైను దగ్గర గొయ్యి తీయగానే వినిపించే సలహా ఒకటుంది: "ఆకారం చెక్కుచెదరలేదు, మట్టి కప్పేయండి." పోత ఇనుము పైపు విషయంలో ఇంతకన్నా ప్రమాదకరమైన మాట నాకు తెలియదు. బూడిదరంగు పోత ఇనుములో లోహం కరిగి మట్టిలోకి పోయినా, గ్రాఫైటూ తుప్పూ కలిసి పాత రూపాన్ని అలాగే నిలబెడతాయి. బయటి కొలతలో తేడా కనిపించదు. చాకుతో గీకితే నల్లగా, మెత్తగా రాలుతుంది. పెన్సిల్లో ఉండేదీ ఆ గ్రాఫైటే. వైరు బ్రష్‌తో రుద్ది గేజి పెడితే ఆ మెత్తని పదార్థాన్నీ లోహం కిందే లెక్కేసినట్టు. శాండ్ బ్లాస్టింగ్ చేసి గట్టి ఇనుము తేలాకే తుప్పు తిన్న గుంటల లోతు కొలవాలి.

"చిన్న ఇనపముక్క పాతి, తీసి, తూకం వేస్తే చాలు" అనేది రెండోది. బరువు చెప్పేది సగటు తరుగుదల. పైపుకు చిల్లు పడేది మాత్రం అన్నిటికన్నా లోతైన గుంట దగ్గర. పైగా ఉపరితలం పెరిగేకొద్దీ అంతకన్నా లోతైన గుంట దొరికే అవకాశమూ పెరుగుతుంది. అరచేతిలో పట్టే ముక్క మైళ్ల కొద్దీ లైనుకు సాక్ష్యం కాదు.

"గుంట లోతును ఏళ్లతో భాగించండి, రేటు వస్తుంది" అనేవాళ్లకు అమెరికా నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్ చేసిన పని చూపించాలి. 1922లో లోహపు నమూనాలు పాతడం మొదలుపెట్టారు. 128 చోట్ల పాతిన 36,500 నమూనాల ఫలితాలను ఆ సంస్థకే చెందిన మెల్విన్ రొమానాఫ్ 1957లో గుదిగుచ్చాడు. గాలి బాగా ఆడే నేలలో తుప్పు మొదట జోరుగా సాగి, తర్వాత నెమ్మదిస్తుంది. నీరు నిలిచే బంకమట్టిలో ఆ నెమ్మది అంతగా కనిపించదు. రెండేళ్ల కొలతతో యాభై ఏళ్లు లెక్కగడితే మొదటి నేలలో పైపు గురించి అనవసరంగా భయపడతాం; మొదటి నేల నెమ్మదిని రెండో నేలకూ అంటగడితే అనవసరంగా ధైర్యపడతాం.

మా నల్లరేగడి ఊళ్లలో ఇంకో మాట: "వేసవిలో మట్టి నిరోధం కొలవండి, బురద ఉండదు." ఎండి బీటలు వారిన రేగడిలో విద్యుత్ నిరోధం ఎక్కువ చూపిస్తుంది, తుప్పు తక్కువన్నట్టు నేల మంచిదనిపిస్తుంది. వానకు తడిసిందంటే ఆ అంకె పడిపోతుంది. పైపు బతకాల్సింది ఆ తడిలోనే. వెన్నర్ పద్ధతిలో నాలుగు ఊచలు దిగేస్తే, వాటి మధ్య దూరం పైపు లోతుతో సమానంగా ఉండాలి, లేకపోతే కొలిచేది వేరే పొర. పైపు లోతునుంచే తీసిన మట్టిని నిరోధం కొలిచే పెట్టెలో నింపి, డిస్టిల్డ్ వాటర్‌తో పూర్తిగా తడిపి మళ్లీ చూడండి.

గాలి తగలని మట్టిలో తుప్పు రాదని కూడా అంటారు. సల్ఫేటును సల్ఫైడుగా మార్చి తుప్పును పెంచే బాక్టీరియా బతికేది సరిగ్గా అక్కడే. గొయ్యిలో నల్లటి బురద, కుళ్లిన కోడిగుడ్డు వాసన తగిలితే ఆ మట్టిని సీసాలో అంచుదాకా నింపి, మూత బిగించి, గాలి సోకకముందే పరీక్షకు పంపండి.