కోడంతా పరచుకున్న 14.5

డిజైన్ గురించి కూర్చుని మాట్లాడుకోవడం కాలయాపన అని నేను నమ్మిన రోజులున్నాయి. నమ్మి ఊరుకోలేదు. మాధాపూర్‌లో ఒక చిన్న టీముకి లీడ్‌గా ఉంటూ ఆ నమ్మకాన్ని అందరిచేతా ఆచరింపజేశాను. దుకాణాలకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ మా పని. రెండు వారాలకో స్ప్రింటు, చివర్లో డెమో. అనుకున్న స్టోరీ పాయింట్లు పూర్తయితే నాణ్యత కూడా ఉన్నట్టేనని లెక్క వేసుకునేవాణ్ణి. నిజానికి ఆ రెండింటికీ సంబంధం లేదు.

ఎవరైనా ప్రశ్నిస్తే అజైల్ ప్రకటననే అడ్డం పెట్టుకునేవాణ్ణి. 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రంలో, స్నోబర్డ్ అనే చోట 17 మంది సాఫ్ట్‌వేర్ నిపుణులు కలిసి రాసిన ప్రకటన అది. దానికి అనుబంధంగా 12 సూత్రాలున్నాయి. తమ పని తామే చక్కబెట్టుకునే టీముల నుంచే మేలైన ఆర్కిటెక్చర్ పుట్టుకొస్తుందని పదకొండోది చెబుతుంది. పుట్టుకొస్తుందంటే ఎవరూ పట్టించుకోకపోయినా వస్తుందని నేను అర్థం చేసుకున్నాను. మంచి డిజైన్ మీద ఎడతెగని శ్రద్ధ ఉంటేనే చురుకుదనం పెరుగుతుందని చెప్పే తొమ్మిదో సూత్రం అదే పేజీలో ఉంది. దాన్ని చదివాను గానీ నాకు పనికొచ్చే వాక్యం కాదని వదిలేశాను.

అప్పట్లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ చాలా సరుకుల మీద వ్యాట్ 5 శాతమో, 14.5 శాతమో ఉండేది. మొదట బిల్లు స్క్రీను రాశాం, పన్ను లెక్క అందులోనే వేశాం. తర్వాత కొటేషన్ స్క్రీను వచ్చింది. ఆ లెక్కనే కాపీ చేసి అక్కడ అతికించాం. ఆ తర్వాత రిటర్న్ బిల్లు, నెలవారీ రిపోర్టు, ధర చీటీల ప్రింటింగు. ఏ స్టోరీకి ఆ స్టోరీ గడువులోనే ముగిసింది, ప్రతి డెమోలోనూ మెచ్చుకోలు దొరికింది.

టీములో కొత్తగా చేరిన ఒకమ్మాయి అడిగింది. "అన్నా, ఈ పన్ను లెక్క ఒక్కచోట పెట్టి, అన్ని స్క్రీన్లూ దాన్నే పిలిస్తే బాగుంటుంది కదా?" నేను అన్నాను, "ఇప్పుడు అవసరం లేదమ్మా. అవసరం వచ్చినప్పుడు చూద్దాం." అవసరం లేనిది ముందే రాయొద్దన్న మాట ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్ అనే అజైల్ పద్ధతిలో ఉంది, అది మంచి మాటే. కాని అది అడగని ఫీచర్ల గురించి చెప్పింది. రేపు మార్చుకోవడానికి వీలుగా కోడ్‌ను శుభ్రంగా ఉంచుకోవద్దని ఎక్కడా చెప్పలేదు. ఈ తేడా నాకు తెలిసి ఉండాల్సింది. ఆమెకు తెలుసు.

2017 జులై 1న జీఎస్టీ వచ్చింది. మారింది రేటు ఒక్కటే అయితే ఎలాగో గట్టెక్కేవాళ్లం. పన్ను స్వరూపమే మారింది. రాష్ట్రంలోపల అమ్మితే సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ అని రెండు సగాలు. విజయవాడ వర్తకుడు ఖమ్మానికి సరుకు పంపితే ఐజీఎస్టీ. కోడంతా 14.5 కోసం వెతికాం. కొన్నిచోట్ల అది 0.145గా ఉంది. పన్ను కలిపిన ధర నుంచి అసలు ధర రాబట్టేచోట 114.5 అయి కూర్చుంది. రిపోర్టులోనైతే ఏకంగా డేటాబేస్ క్వెరీ లోపలే ఉంది. వెతికితే దొరికినవాటిని మార్చాం. దొరకనివాటిని దుకాణదారులు ఫోన్లు చేసి చూపించారు.

అంత జరిగినా నాకు బుద్ధి రాలేదు, నా తెలివితక్కువతనంలో అసలు భాగం ఇదే. హడావుడిగా ప్రతి సరుకు పక్కన రేటు అని ఒక గడి పెట్టి సమస్య తీరిందనుకున్నాను. ఆ రేటు ఏ తేదీ నుంచి అమల్లో ఉందో రాసుకోలేదు. మా టెస్టర్ గమనించి, రేటు మారితే పాత బిల్లుల సంగతేమిటని ఒక టికెట్ పెట్టింది. నేను దానికి తక్కువ ప్రాధాన్యమని గుర్తు పెట్టి బ్యాక్‌లాగ్‌లోకి తోశాను.

అదే ఏడాది నవంబర్ 10న గువాహటిలో సమావేశమైన జీఎస్టీ కౌన్సిల్ 178 రకాల వస్తువులను 28 శాతం నుంచి 18కి తగ్గించింది. 15వ తేదీ నుంచి అమలు. మేం గడిలో అంకె మార్చాం. ఆ తర్వాత ఒక కొనుగోలుదారు, తగ్గింపుకు ముందు కొన్న ప్లైవుడ్‌ను వాపసు తెచ్చాడు. పదివేల సరుకు, పన్నుతో కలిపి అతను కట్టింది 12,800. మా సాఫ్ట్‌వేర్ 11,800కే రిటర్న్ బిల్లు తీసింది. వాపసుకు అసలు బిల్లులోని రేటే వర్తించాలి. కౌంటరు దగ్గర గొడవై, దుకాణదారు వెయ్యి రూపాయలు తన జేబులోంచి ఇచ్చి పంపాడు. మా స్ప్రింటు వేగానికి మూల్యం చెల్లించింది ఆయన. ఆ సంగతి తెలిసినప్పుడు నాకు కలిగిన సిగ్గు ఇప్పటికీ తగ్గలేదు.

మా భాషలో దీన్ని టెక్నికల్ డెట్ అంటారు. 1992లో ఈ అప్పు పోలిక తెచ్చిన వార్డ్ కన్నింగ్‌హామ్, 2001 ప్రకటన రాసిన 17 మందిలోనూ ఒకరు. ఇవాళ తెలిసినంతలో రాసి అందించు, తెలివిడి పెరిగేకొద్దీ కోడ్‌ను దిద్దుకుంటూ రా అన్నది ఆయన ఉద్దేశం. నేను దిద్దుకోవడాన్ని వదిలేసి, అజాగ్రత్తకు ఆ పేరు వాడుకున్నాను.

తర్వాతి రెట్రోస్పెక్టివ్ మీటింగులో ఆ కొత్తమ్మాయీ, టెస్టరూ చెప్పిందే సరైనదని అందరి ముందూ ఒప్పుకున్నాను. పన్ను లెక్కంతా ఒక్క మాడ్యూల్లోకి తెచ్చాం. ప్రతి రేటుకీ అమలు తేదీ పెట్టాం. బిల్లులోని ప్రతి వరుసలోనూ ఆనాటి రేటు నిలిచిపోయేలా చేశాం. తేదీ, రాష్ట్రం, సరుకు ఇస్తే ఎంత పన్ను రావాలో చెప్పే టెస్టులు రాశాం. ఆ కాలంలో మా పాయింట్లు పడిపోయాయి, పైవాళ్లకు సంజాయిషీ ఇచ్చుకున్నాను. 2025 సెప్టెంబర్ 22న 12, 28 శాతం శ్లాబుల్లోని సరుకుల్లో ఎక్కువ భాగం 5కీ, 18కీ మారినప్పుడు పట్టికలో కొత్త వరుసలు చేర్చడంతో పని అయిపోయింది.

టీములు నడుపుతున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఒక విన్నపం. డెమో అయ్యాక, ఈ నిర్ణయం రేపు మారితే ఎన్నిచోట్ల చెయ్యి పెట్టాలి అని మీ టీమును అడగండి. జవాబు చెప్పేది నిన్న చేరిన ఫ్రెషర్ అయినా సరే, ఆ మాటను ఈ స్ప్రింటులోనే పనిగా తీసుకోండి.