‘వెరీ’కి వెలి

ఇకమీదట ‘వెరీ’ అనకూడదట. తీర్పు వచ్చేసింది. ఫోన్ తెరిస్తే చాలు, తెల్లబోర్డు పక్కన నిలబడ్డ కుర్రాడెవడో వేలు చూపించి బెదిరిస్తున్నాడు. వెరీ టైర్డ్ అన్నారో మీకు ఇంగ్లీషు రానట్టే, ఎగ్జాస్టెడ్ అనాలి. వెరీ హంగ్రీ కాదు, రావెనస్. వెరీ హ్యాపీ కాదు, ఎక్‌స్టాటిక్. మా అపార్టుమెంటులో మూడిళ్ల ఫ్రిజ్‌ల మీద ఆ పట్టిక అతికించి ఉంది. ఇదివరకు అక్కడ పాల లెక్క ఉండేది.

కొత్త మాటలు నేర్చుకోవద్దని నేననను. ఇంగ్లీషు మాటలు నేర్పడానికి 1949లో వచ్చిన నార్మన్ లూయిస్ పుస్తకాన్ని చంకన పెట్టుకు తిరిగిన తరమే మాది. అందులో సగం దాటినవాడు ఇంతవరకూ నాకు తారసపడలేదు, అది వేరే సంగతి. నా గొడవంతా ఆ ఫ్రిజ్ పట్టికతోనే.

పక్కింటి నాలుగో తరగతి పిల్లవాడు ‘మై ఫ్యామిలీ’ వ్యాసం తెచ్చి చూపించాడు. తాతగారు వెరీ ఓల్డ్ అని మొదట రాసుకున్నాడు. తర్వాత కొట్టేసి, పట్టిక చూసి ‘ఏన్షియంట్’ అని దిద్దాడు. దాంతో ఆయన హరప్పా తవ్వకాల్లో బయటపడ్డ మనిషైపోయాడు. నాయనమ్మ బాగా సన్నం కాబట్టి ‘ఎమేసియేటెడ్’. అంటే తిండి లేక ఎముకలు తేలిన మనిషన్నమాట. ఆవిడేమో పొద్దున్నే పార్కు రెండు చుట్లు తిరిగొచ్చి నాలుగు పెసరట్లు తినే ఇల్లాలు. చెల్లి చిన్నది గనక ‘మైక్రోస్కోపిక్’. అమ్మ గొంతు పెద్దది గనక ‘డెఫనింగ్’. ఈ ఒక్కటీ సరిగ్గా కుదిరిందని తాతగారు నా చెవిలో అన్నారు. కింద టీచరమ్మ ఎర్రసిరాతో ‘ఎక్సలెంట్ వొకాబులరీ’ అని రాసి పదికి పది వేసింది. ఆవిడింట్లోనూ ఫ్రిజ్ ఉండే ఉంటుంది.

మాటకి తోడుమాట ఉంటుందండీ. మన చీకటికి చిమ్మ, వెన్నెలకి పండు, అబద్ధానికి పచ్చి, దరిద్రానికి కటిక, ఎండకి మండు. చిమ్మవెన్నెల అనం, పండు అబద్ధం అనం. ఎవరూ మనకి పట్టిక ఇవ్వలేదు, వినీ వినీ వచ్చింది. ఇవన్నీ ‘చాలా’ అనే అర్థమే కదా అని జాబితా రాసి ఏ పంజాబీ కుర్రాడికో ఇస్తే, భోజనాల వేళ వచ్చి ‘నాకు పచ్చి ఆకలిగా ఉంది’ అంటాడు. మనం పడీపడీ నవ్వుతాం. రావెనస్ అనేది తోడేలుకీ, రెండు రోజులుగా ముద్ద ఎరగనివాడికీ తగిన మాట. నాలుగింటికి బిస్కెట్టు అడిగే పిల్ల నోట్లో అది పచ్చి ఆకలి లాంటిదే.

ఇంతకీ ‘వెరీ’ చేసిన పాపమేమిటి? 1611 నాటి ఇంగ్లీషు బైబిలు మొదటి అధ్యాయంలోనే ఆ మాట ఉంది. సృష్టి పూర్తిచేసి చూసుకున్న దేవుడికే అది చాలింది. రీల్సు కుర్రాడికి చాలలేదు.

శశి థరూర్ గారు 2018లో తన పుస్తకం గురించి చెబుతూ 29 అక్షరాల మాటొకటి వదిలారు. దాన్ని బట్టీ పట్టిన పిల్లల్ని చుట్టాల ముందు నిలబెట్టి చెప్పించే ఇళ్లున్నాయి. దాని అర్థం దేన్నైనా పూచికపుల్లలా తీసిపారెయ్యడం!

అమీర్‌పేటలో గది అద్దెకి తీసుకుని జీఆర్ఈ మాటల జాబితాలు నమిలినవాళ్లకి తెలుసు. 2011 ఆగస్టులో ఆ పరీక్షవాళ్లే వ్యతిరేకపదాల ప్రశ్నలు ఎత్తేసి, మాట వాక్యంలో ఎలా ఒదుగుతుందో చూడడం మీద పడ్డారు. మన నమలడం మాత్రం ఆగలేదు. అవసరం లేకుండా పెద్ద మాటలు వాడినవాడు చదివేవాళ్లకి తెలివితక్కువగా కనిపిస్తాడని డేనియల్ ఓపెన్‌హైమర్ అనే అమెరికన్ ఆచార్యుడు ప్రయోగాలు చేసి చూపించాడు. ఆ వ్యాసానికి 2006లో ఇగ్ నోబెల్ ఇచ్చారు. నవ్వించి ఆలోచింపజేసే పనులకిచ్చే బహుమతి అది.

నాకు మాత్రం ఇప్పుడు నవ్వు రావడం లేదు. మా మేనకోడలు ఇంజినీరింగు ఆఖరి సంవత్సరం. పదో తరగతి దాకా తెలుగు మీడియం. తనంతట తాను కూడబలుక్కుని ఇంగ్లీషు నేర్చుకుంది. వాక్యానికి రెండు వెరీలు పడేవి, కానీ చెప్పదలచుకున్నది చెప్పేది, అవతలివాడికి అర్థమయ్యేది. ప్లేస్‌మెంట్ల శిక్షణ అంటూ వచ్చిన ఒక ట్రైనరు, అరవైమంది ముందు ఆమె ‘వెరీ’ అన్నప్పుడల్లా చిటికె వేశాడు. మొదటి ఇంటర్వ్యూలో నీ ప్రాజెక్టు గురించి చెప్పమంటే, ‘వెరీ యూజ్‌ఫుల్’ అనబోయి ఆగిపోయిందట. బదులు మాట గుర్తు రాలేదు. ‘నోరు ఎండిపోయింది మామయ్యా’ అంది. అంతే, ఇంటర్వ్యూ అయిపోయింది.

ఇది నేర్పడం కాదు, దోచుకోవడం. ఆ పిల్ల కష్టపడి కూడబెట్టుకున్న నాలుగు మాటల్నీ చిటికెల మీద కాజేశారు, పైగా ఫీజు కట్టించుకుని. పల్లె నుంచి వచ్చిన పిల్లల బెరుకే వీళ్ల పెట్టుబడి. సిగ్గుండాలి.

వచ్చే గురువారం మా మేనకోడలికి ఇంకో ఇంటర్వ్యూ ఉంది. నోటికొచ్చినన్ని వెరీలు వాడుకోమని చెప్పాను. మీ ఇంట్లో పిల్లలెవరైనా తడుముకుంటూ వెరీ అంటే, దయచేసి చిటికె వెయ్యకండి. వాక్యం పూర్తి చెయ్యనివ్వండి.