ఎవరి దగ్గరా ఉండకూడదు, అచ్చం ఈ ఫొటోలాగే ఉండాలి!

పెళ్ళిళ్ళ సీజన్ మొదలైందంటే పూసల నగలు చేసేవాళ్ళ ఫోన్లకు ఊపిరాడదు. "ఇంకెవరి మెడలోనూ కనపడని డిజైన్ కావాలండీ" అని మొదటి మెసేజ్. రెండోది ఓ సినిమా తార ఫొటో. మూడోది, "అచ్చం ఇలాగే." 2017లో బాహుబలి రెండో భాగం కోసం జైపూర్‌కు చెందిన ఆమ్రపాలి సంస్థ చేసిన నగలు చూశాక, ఎందరు పెళ్ళికూతుళ్ళు ఎవరికివారే ఏకైక దేవసేన అయిపోయారో లెక్కలేదు.

డిజైన్ తేలాక బేరం. బంగారం కొట్టులో తరుగు, మజూరీ అంటూ ఎంత కోసినా కిమ్మనని అమ్మలక్కలు పూసల దగ్గరకొచ్చేసరికి ఆడిటర్లయిపోతారు. "పూసలు గుచ్చడమేగా, దానికింతా?"

నిజమే, గుచ్చడమే. 6 మిల్లీమీటర్ల ముత్యాలతో 16, 17, 18 అంగుళాల మూడు పేటల హారమే తీసుకోండి. దాదాపు 200 ముత్యాలు పడతాయి. గుచ్చేముందు సైజు, రంగు, మెరుపు చూసి ఏరాలి. గుచ్చాక ప్రతి ముత్యానికీ వెనకాల ఓ ముడి. దారం ఉచ్చులో సూది పెట్టి, ముడిని ముత్యం అంచుదాకా జరిపి బిగించాలి. వదులైతే సందు కనిపిస్తుంది. ముత్యం మెత్తటిది, పక్కదానితో రాసుకుంటే అరుగుతుంది. దారం తెగినా ఒక్కటే జారాలి, హారమంతా పెళ్ళి మండపంలో దొర్లకూడదు. అందుకే ఆ ముళ్ళు. ఇంతా అయ్యాక నడిమి పేట అర అంగుళం ఎక్కువొచ్చి కింది పేట మీదకెక్కిందంటే, దారం కోసి మళ్ళీ మొదటికి రావాల్సిందే. ఆ పనికి వాళ్ళిచ్చే గడువు, "గురువారానికి అయిపోతుందా?"

రంగు సంగతి మరో ప్రహసనం. పట్టుచీర ఫొటో వాట్సాప్‌లో వస్తుంది. ఫోన్‌లో చిలకపచ్చ, ఎండలో చూస్తే ముదురాకుపచ్చ. జాకెట్ గుడ్డ పంపమంటే అది టైలర్ దగ్గరుంటుంది. పూసలు కలవకపోతే మాత్రం తప్పు గుచ్చినవాళ్ళదే.

"ఒరిజినల్ హైదరాబాద్ ముత్యాలేనా?" అన్న ప్రశ్నయితే తప్పదు. హైదరాబాద్‌కు సముద్రం ఏనాడూ లేదు. నిజాం కాలంలో ముత్యాలు బస్రా వైపు నుంచి వచ్చేవి, ఇప్పుడు ఎక్కువగా చైనా మంచినీటి చెరువుల నుంచి వస్తున్నాయి. ఇక్కడి జనం చేసేదల్లా బెజ్జం వెయ్యడం, ఏరడం, గుచ్చడం. హైదరాబాద్ ముత్యంలో హైదరాబాద్‌ది అంటూ ఉన్నది ఆ చేతిపనే. బేరంలో కోసేదీ దాన్నే!

గాజుపూసలకైతే "ఇంపోర్టెడేనా?" అంటారు. తిరుపతి జిల్లా పాపానాయుడుపేటలో కరిగిన గాజును సన్నటి గొట్టంగా లాగి, ముక్కలు కోసి పూసలు చేసే విద్య తరతరాలది. ఇలా లాగి చేసిన పూసలు ఒకప్పుడు మన తీరాల నుంచి ఆగ్నేయాసియా దాకా వెళ్ళాయి. అప్పటి కొనుగోలుదారులకు అవి ఇంపోర్టెడే.

అమ్మేవాళ్ళేం తక్కువ తినలేదు. బేగంబజార్‌లో గుచ్చి అమ్మే రెడీమేడ్ సరం కొని, దానికో లాకెట్, వెనకాల ఓ డోరి తగిలించి, "మీకోసమే చేతితో చేసిన ఒకే ఒక్క పీస్" అని పెట్టేవాళ్ళున్నారు. హైడ్రో పేరుతో వచ్చే గాజును పచ్చల ధరకు అంటగట్టేవాళ్ళూ ఉన్నారు. వీళ్ళ పుణ్యమా అని, నిజంగా కూర్చుని గుచ్చేవాళ్ళను కూడా జనం అనుమానంగా చూస్తున్నారు.

ఫొటోలో ఉన్నదే కావాలా? లాడ్‌బజార్‌కు వెళ్ళి రెడీమేడ్ కొనుక్కోండి, అందులో నామోషీ లేదు. మీకంటూ ప్రత్యేకంగా కావాలంటే మాత్రం జాకెట్ గుడ్డ ముక్క పట్టుకెళ్ళండి, నెల రోజులు టైమివ్వండి, పూసలు అసలువో గాజువో బిల్లు మీద రాయించుకోండి. గుచ్చే కూలి దగ్గర బేరం మానండి.