కప్పు గోడు

నా పిడి మీద చెక్కి ఉంటుంది: 1 కప్పు, 237 మి.లీ. నేను స్టీలు కొలత కప్పుని. నా పుట్టుక గురించి చెప్పడానికేమీ లేదు. ఒక రేకు, ఒక అచ్చు, ఒక దెబ్బ, అంతే. అర, మూడోవంతు, పావు నా తమ్ముళ్లు. నలుగుర్నీ ఒకే రింగుకు గుచ్చి అమ్మితే, డల్లాస్ దగ్గర ఒక తెలుగువారింటికి చేరాం.

మా వంశానికి పరువు తెచ్చిన మహాతల్లి ఫానీ ఫార్మర్. అంతకుముందు అమెరికా వంటల పుస్తకాల్లో ‘కోడిగుడ్డంత వెన్న’ లాంటి లెక్కలుండేవి. 1896లో ఆవిడ బోస్టన్ వంటబడి పుస్తకం రాసి, కప్పంటే అంచుకు సమంగా గీసిన కప్పేనని పట్టుబట్టింది. ఆ తర్వాత అక్కడి వంటిళ్లను ఏలింది మేమే.

నాలో ఎంత చోటుందో చెప్పగలను. ఆ చోట్లోకి వచ్చి కూర్చున్నదాని బరువు మాత్రం నా వశంలో లేదు. నీళ్లయితే 237 గ్రాములు, పంచదార 200, తేనె 340. వీటితో పెద్ద పేచీ లేదు. మైదా ఉందే, అది గాలిని వెంటబెట్టుకు తిరిగే రకం. చెంచాతో తేలిగ్గా నింపి అంచున కత్తితో గీస్తే 120. సంచిలో నన్ను ముంచి తోడితే 140, నొక్కితే 150 కూడా దాటుతుంది. కింగ్ ఆర్థర్ పిండి కంపెనీ కప్పుకి 120 అంటుంది, అమెరికాస్ టెస్ట్ కిచెన్ వాళ్లు 142 అంటారు. పెద్దలకే మాట కలవలేదు, నింద మాత్రం నాకు.

మా ఇల్లాలు ముంచి తోడే మనిషి. పైగా పిండి సర్దుకోవాలని నన్ను గట్టుకేసి కొట్టేది. నా అడుగున సొట్ట ఆ చలవే. మూడు కప్పుల కేకులో అలా 90 గ్రాముల పిండి అదనంగా పడితే అది పొడిబారక ఏం చేస్తుంది? “ఈ కప్పు మంచిది కాదు” అని, ఓసారి రైస్ కుక్కర్‌తో వచ్చిన కప్పు తీసింది. అది 180 మి.లీ. పిండి, పాలు, పంచదార అన్నీ తగ్గాయి, గుడ్లు తగ్గలేదు. ఆ కేకు ఆమ్లెట్‌కి దగ్గరి చుట్టమైంది.

తెనాలి నుంచి అత్తగారు వచ్చాక నా దశ తిరిగింది. “మినప్పప్పు ఒకటికి ఇడ్లీ రవ్వ రెండు. గ్లాసైతేనేం, గిన్నైతేనేం అమ్మా?” అనేది. నిజమే, అన్నిటినీ ఒకే పాత్రతో కొలిస్తే పాత్ర చిన్నదైనా పెద్దదైనా పాళ్లు మారవు. కేకుకి ఆ వెసులుబాటు లేదు. గుడ్డు నాతోపాటు పెరగదు, తరగదు. ఆవిడ ఉన్నన్నాళ్లూ రోజూ కడిగి, తుడిచి, బోర్లించేది. నన్నలా చూసుకున్నవాళ్లు మరొకరు లేరు.

ఆవిడ విమానం ఎక్కింది, డిజిటల్ కాటా దిగింది. గిన్నె పెట్టి మీట నొక్కితే సున్నా. పిండి 360. మళ్లీ సున్నా. పంచదార 300. మా ఇల్లాలు వంట కాగితం మీద ‘3 కప్పులు’ కొట్టేసి పక్కన గ్రాములు రాసింది. కేకు బాగానే వచ్చింది, కాదనను. కానీ గ్రాము కన్నా సన్నంగా చూడలేని ఆ కాటా అర చెంచా వంటసోడా దగ్గర తడబడుతుంది. అందుకని కొలత చెంచాలకు సొరుగులో చోటు దక్కింది. నా తమ్ముళ్లు ఎటు పోయారో తెలియదు. నన్ను రింగు నుంచి తప్పించి ముందు బియ్యం డబ్బాలో పడేశారు, తర్వాత పిట్టల గింజల సంచిలో, ఆ తర్వాత గరాజులో.

ఇప్పుడు నా పిడి మీద నల్ల మార్కర్‌తో ‘మట్టి’ అని రాసి ఉంది, పొరపాటున ఎవరైనా వంటింట్లోకి తీసుకెళ్తారని. కరివేపాకు కుండీకి మట్టి తోడటం నా పని. తడి మట్టికీ పొడి మట్టికీ బరువులో బోలెడు తేడా. కరివేపాకు ఇంతవరకూ ఒక్క ఫిర్యాదూ చెయ్యలేదు.