నాకు ఓటు లేదు

నేను మఫ్లర్‌ని. ఒక పట్టీ పసుపు, ఒక పట్టీ ఆకుపచ్చ, రెండు కొసలా కుచ్చులు. ఇంగ్లండ్‌కు తూర్పు కొసన నారిచ్ అనే ఊళ్లో 1959 జనవరిలో పుట్టాను. నన్ను అల్లినావిడ అప్పటికి ఒక్క ఫుట్‌బాల్ ఆటా చూసి ఎరగదు. మొగుడు శనివారాలు చలిలో నిలబడి ఆట చూసి వచ్చి, రాత్రంతా దగ్గుతుంటే చూడలేక సూదులు పట్టింది. సగంలో పసుపు ఊలు అయిపోయింది. మళ్లీ తెచ్చిన ఉండ రంగు ఒక పిసరు ముదురు. ఆ తేడా ఈనాటికీ నా మధ్యలో తెలుస్తూనే ఉంటుంది. ఎవరైనా దాన్ని మరక అనుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

మా క్లబ్బు నారిచ్ సిటీ. మైదానం పేరు క్యారో రోడ్. పక్కనే ఆవపిండి కొట్టే కార్ఖానా ఉండేది కాబట్టి చిన్నప్పుడు నాకు ఆ ఘాటు ఒంటికి పట్టేసింది. మా వాళ్లని కెనరీ పిట్టలంటారు. ఊళ్లోకి శతాబ్దాల క్రితం వచ్చిన నేతగాళ్లు ఆ పసుపు పిట్టల్ని పెంచేవాళ్లట, ఆ పేరు చివరికి ఫుట్‌బాల్ జట్టుకు అంటుకుంది. నేను మొట్టమొదట గడప దాటింది ఆ జనవరిలోనే, మాంచెస్టర్ యునైటెడ్‌తో కప్పు పోటీకి. మేం అప్పుడు మూడో డివిజన్‌లో ఉన్నాం. 3-0తో గెలిచాం. ఆవిడ మొగుడు, అంటే మా పెద్దాయన, నన్ను మెడ నుంచి లాగి గాల్లో తిప్పుతుంటే నాకు కళ్లు తిరిగాయి గానీ, మా వెనుక వరుస మధ్యలో నిలబడి వచ్చిన బంతినల్లా తలతో వెనక్కి పంపుతున్న మనిషి మాత్రం కనపడుతూనే ఉన్నాడు. సెంటర్ హాఫ్ బ్యారీ బట్లర్. ఆ ఏడాది సెమీఫైనల్ దాకా వెళ్లాం. 1962లో లీగ్ కప్పు గెలిచినప్పుడూ ఆయన ఉన్నాడు.

1966 ఏప్రిల్‌లో కారు ప్రమాదంలో బట్లర్ పోయాడు. వయసు 31. ఆ వారం పెద్దాయన నన్ను కట్టుకోలేదు, కుర్చీ వీపున వేసి వదిలేశాడు.

మరుసటి ఏడాది నుంచి క్లబ్బు ఆయన పేరిట ఒక ట్రోఫీ పెట్టింది, బ్యారీ బట్లర్ మెమోరియల్ ట్రోఫీ. ఏటా సీజన్ చివర అభిమానులు ఓట్లేసి, ఈ ఏటి మా మేటి ఆటగాడు ఫలానా అని తేలుస్తారు. 1967లో అది మొదట అందుకున్నవాడు టెర్రీ ఆల్కాక్, బట్లర్ పక్కన ఏళ్ల తరబడి ఆడినవాడు. ఆ మొదటి ఓటు గురించి మా ఇంట్లో వాదన జరగలేదు. తర్వాతవన్నీ వాదనలే.

వసంతం వచ్చిందంటే నాకు రెండు పనులు. ఒకటి, మెడ మీద ఉండటం. రెండోది, మెడకు ఇటూ అటూ జరిగే పోట్లాట వినడం. పెద్దాయన సిద్ధాంతం ఒకటుంది: గోల్స్ కొట్టినవాడికి పేపర్లో పేరు ఎలాగూ వస్తుంది, ఓటు మాత్రం తన్నులు తిన్నవాడికి వేయాలి. జట్టు మునుగుతున్న ఏడు అందరికంటే ఎక్కువ తన్నులు తినేది గోల్‌కీపర్. అందుకే మా జాబితాలో గోల్‌కీపర్లు తరచు కనిపిస్తారు. 1973, 1974 రెండేళ్లూ కెవిన్ కీలన్. మీకు దగ్గరి చుట్టం లెక్క, కలకత్తాలో పుట్టినవాడు. మా క్లబ్బుకు 673 ఆటలు ఆడాడు, ఆ లెక్కను ఎవరూ దాటలేదు. ఆ రెండేళ్లలో మొదటిది మాకు పై డివిజన్‌లో తొలి సీజన్. కిందామీదా పడి నిలిచాం. రెండో ఏడు అట్టడుగున మిగిలి దిగిపోయాం. అక్కడి లీగుల్లో అడుగున మిగిలిన జట్లు కింది డివిజన్‌కు పోవాలి. అక్కడ మళ్లీ గెలుచుకుంటూ పైకి రావాలి. మా వాళ్లు ఆ మెట్లు ఎక్కీ దిగీ మోకాళ్లు అరగదీసుకున్నారు. 1985లో వెంబ్లీలో సండర్లాండ్‌ను 1-0తో ఓడించి లీగ్ కప్పు పట్టుకొచ్చి, అదే సీజన్‌లో కిందికి దిగాం. పోనీ ఓడినవాళ్లన్నా నవ్వుకున్నారా అంటే, వాళ్లూ మాతోపాటే దిగారు. ఆ ఏటి ఓటు స్టీవ్ బ్రూస్‌కు పడింది. రెండేళ్లు దాటగానే మాంచెస్టర్ యునైటెడ్ వచ్చి అతన్ని ఎత్తుకుపోయింది.

మధ్యలో పెద్ద పేర్లూ ఉన్నాయి. ప్రపంచ కప్పు ఫైనల్లో గోల్ కొట్టిన మార్టిన్ పీటర్స్ 1976లోనూ 1977లోనూ గెలిచాడు. అతను బాగా ఆడాడు, అందరూ ఓటేశారు, అంతే. చెప్పుకోవడానికి ఏమీ లేని ఓట్లు కూడా ఉంటాయి.

1993 సంగతి వేరు. అప్పటికి పెద్దాయన మోకాళ్లు సహకరించక నన్ను కూతురికి ఇచ్చేశాడు. ప్రీమియర్ లీగ్ అని కొత్తగా పేరు పెట్టిన తొలి సీజన్ అది. మా చిన్న ఊరి జట్టు మూడో స్థానంలో ముగించింది. ఇప్పటికీ దాన్ని మించింది లేదు. అందులో ఒక వింత ఉంది: 42 ఆటల్లో 61 గోల్స్ కొట్టి 65 తిన్నాం. తిన్నవి ఎక్కువ, స్థానం మూడు. ఇక వంటింటి బల్ల మీద కాగితం. ఒక పక్కన పెద్దాయన, ఎదురుగా కూతురు, ఆమె ఒళ్లో ఏడాదిన్నర పిల్ల. నేను ఆ పిల్ల గుప్పిట్లో ఉన్నాను. నా కుచ్చు నోట్లో పెట్టుకుని చప్పరిస్తోంది.

"ఎవరికి వేస్తున్నావే?"

"గన్‌కి."

"బ్లాక్‌బర్న్‌లో ఏడు గోల్స్ తిన్నవాడికా?"

తన్నులు తిన్నవాడికే ఓటు అని జీవితమంతా చెప్పిన మనిషి, ఆ రోజు ఎందుకో లెక్కలు తీశాడు. బ్రయన్ గన్ మా గోల్‌కీపర్. ఆ ఏడు గోల్స్ తిన్న అక్టోబరులోనే అతని పాప ల్యుకేమియాతో పోయింది. అతను మళ్లీ వచ్చి గోలు ముందు నిలబడ్డాడు, సీజన్ చివరిదాకా నిలబడ్డాడు. తర్వాత ఆ జబ్బు మీద పరిశోధనకు భార్యాభర్తలిద్దరూ నిధి సేకరణ మొదలుపెట్టారు. కూతురు తండ్రికి ఇవేవీ చెప్పలేదు. పిల్ల నోట్లోంచి నన్ను లాగి, తడి తుడిచి, కాగితం మీద పేరు రాసింది. ఊరంతా అదే రాసినట్టుంది, ట్రోఫీ గన్‌కే వచ్చింది.

ఇది ఆటకు వేసిన ఓటేనా అని అడిగితే నేను చెప్పలేను. మిడ్‌ఫీల్డ్‌లో అతనికంటే చక్కగా ఆడినవాళ్లు ఆ ఏడు ఉన్నారు. కానీ ఈ ఓటు నిపుణుల చేతిలో లేదు. ఆ ఏడాది ఎవరి వల్ల గడిచిందో దాన్నిబట్టి జనం వేస్తారు. నిపుణులకు వాళ్ల బహుమతులు వాళ్లకున్నాయి, లండన్‌లో సూట్లు వేసుకుని ఇచ్చుకుంటారు.

అలాగని జనం ఎప్పుడూ సరిగ్గానే వేస్తారని నేననను. 1993 అక్టోబరులో మ్యూనిక్‌లో బయెర్న్ జట్టును 2-1తో ఓడించాం. జెరెమీ గాస్ గాల్లో ఉన్న బంతిని అలాగే తన్నాడు, అది పోయి వల లోపల పడింది. పెద్దాయన టీవీ ముందు లేచి నిలబడ్డాడు, మోకాళ్ల సంగతి మర్చిపోయి. ఆ సీజన్ చివర ట్రోఫీ 25 లీగ్ గోల్స్ కొట్టిన క్రిస్ సటన్‌కు పోయింది. కాదనడానికి లేదు, 25 గోల్సంటే 25 గోల్సే. ఆ వేసవిలోనే 50 లక్షల పౌండ్లకు సటన్‌ను బ్లాక్‌బర్న్ కొనుక్కుంది. అంతకు ముందు బ్రిటన్‌లో ఎవరికీ అంత ధర పలకలేదు. గాస్ పేరు ఆ జాబితాలో ఏ ఏడూ లేదు. పెద్దాయన పోయేదాకా ఆ పేరెత్తితే బల్ల మీద అరచేత్తో కొట్టేవాడు.

తర్వాత చాలా ఏళ్లు నేను బీరువాలో కలరా ఉండల మధ్య గడిపాను. కూతురికి ఉద్యోగం, పిల్ల చదువు, జట్టు కూడా చూడబుద్ధి కాని స్థితి. అయినా ఒక చిమ్మట నా మూడో ఆకుపచ్చ పట్టీని తొలిచేసింది.

మళ్లీ బయటికి తీసిన రోజు 2009 ఆగస్టు 8. మూడో అంచె దాకా జారిపోయాం, కొత్త సీజన్ మొదటి ఆట, సొంత మైదానం, ఎదుట కోల్చెస్టర్. మేనేజరు ఎవరనుకున్నారు, గన్ గారే. 7-1తో చిత్తుగా ఓడాం. మొదటి సగంలోనే ఇద్దరు ప్రేక్షకులు మైదానంలోకి ఉరికి, తమ సీజన్ టికెట్లు ఆయన వైపు విసిరేశారు. కూతురికి చిన్నప్పటి నుంచీ ఒక అలవాటు, భయమేస్తే నా కుచ్చులు కొరుకుతుంది. ఆ రోజు మూడు పోగులు పుటుక్కున తెగాయి. టికెట్లు గడ్డి మీద పడుతుంటే ఆమె కొరకడం ఆపేసింది. "ఆయన మీదా?" అంది, ఎవరితోనో కాదు. వారం తిరక్కుండా ఆయన్ని తీసేశారు. మా మీద ఏడు గోల్స్ కొట్టిన కోల్చెస్టర్ మేనేజరు పాల్ లాంబర్ట్‌నే తెచ్చి ఆ కుర్చీలో కూర్చోబెట్టారు.

ఆ శిథిలంలోంచి లేచినవాడు గ్రాంట్ హోల్ట్. ఆ వేసవిలోనే వచ్చాడు. నాజూకు మనిషి కాదు. చిన్న క్లబ్బుల్లో ఆడే రోజుల్లో టైర్ల పని చేసి పొట్ట పోసుకున్నవాడు. డిఫెండర్లు అతన్ని గుద్దేవాళ్లు, అతనూ ఊరుకునేవాడు కాదు. మొదటి ఏడు 24 లీగ్ గోల్స్, మూడో అంచెలో మొదటి స్థానం. రెండో ఏడు 21, మళ్లీ పైకి. అందులో పొరుగు శత్రువు ఇప్స్‌విచ్ మీద కొట్టిన మూడూ ఉన్నాయి. మూడో ఏడు ప్రీమియర్ లీగ్‌లో 15. మూడేళ్లు, మూడు డివిజన్లు, మూడుసార్లూ బట్లర్ ట్రోఫీ. వరుసగా మూడు అంతకు ముందు ఎవరూ పట్టలేదు. ఆ మూడేళ్లూ మా ఇంట్లో పోట్లాట లేదు. నిజం చెప్పాలంటే నాకు కొంచెం బోరు కొట్టింది.

ఇప్పుడు కాగితం లేదు, వేలితో నొక్కడమే. వంటింట్లో నా కుచ్చు చప్పరించిన పిల్ల పెద్దదై, ఓటు వేసే ముందు ఏవేవో పట్టికలు తెరుస్తుంది. ఎవడు ఎన్ని పాసులు, ఎన్ని అడ్డుకున్నాడు, దశాంశాలతో సహా. తల్లి కళ్లద్దాలు పైకెత్తి ఆ పట్టికల్ని చూసి, "ఇందులో తన్నులు తిన్న లెక్క ఎక్కడుందే?" అంటుంది. 2020లో ఇద్దరూ ఒకటయ్యారు. ఆ మార్చిలో టాటెన్‌హామ్‌తో కప్పు ఆట పెనాల్టీల దాకా వెళ్లింది. మా గోల్‌కీపర్ టిమ్ క్రూల్ నీళ్ల సీసాకు ఒక కాగితం అంటించుకున్నాడు, ఎవరు ఎటు తన్నుతారో దాని మీద రాసుకుని. గుటక వేసినట్టే వేసి, సీసా చదువుకుని, వెళ్లి పెనాల్టీలు ఆపాడు. గెలిచాం. ఆ వెంటనే కరోనా. మిగిలిన ఆటలు ఖాళీ కుర్చీల ముందు జరిగాయి. నేను సోఫా చేతి మీద పడి ఉన్నాను. జట్టు అట్టడుగున ముగిసింది. ఓటు క్రూల్‌కు.

2022లో మళ్లీ పైనుంచి దిగిపోతున్నాం. సీజన్ మొత్తం మీద మేం కొట్టినవి 23 గోల్స్, అందులో 11 టీము పుక్కి అనే ఆటగాడివి. ఓటింగు నాటికీ లెక్క ఇంచుమించు అంతే.

"దిగిపోయే జట్టులో మేటి ఆటగాడేమిటే, సిగ్గులేకుండా," అంది తల్లి.

"సగం గోల్స్ అతనే కొట్టాడమ్మా. ఇంకెవరికి వేస్తావ్?"

"మీ తాత ఉంటే గాస్‌కి వేసేవాడు."

"గాస్ ఆడటం మానేసి ఎన్నేళ్లయింది!"

"అయినా వేసేవాడు."

మనవరాలు నవ్వి పుక్కి పేరు నొక్కేసింది. తర్వాత తల్లి ఫోను కూడా అందుకుని తెరవబోయింది. తల్లి నన్ను మెడ మీద సరిచేసుకుని చెయ్యి చాపింది.

"నాది కూడా నువ్వే నొక్కేయకు. ఇటివ్వు ఫోను."